చివర మడిచిన టేపు

బండ్ల కరెంటు పని చేసే ఆయన్ని అందరూ టెస్టరు అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, అది షెడ్డు బోర్డు మీద తప్ప ఎక్కడా కనపడదు. హారను మోగని కారైనా, లైటు వెలగని లారీ అయినా ఆయన చెయ్యి పడితే దారికి రావలసిందే. అలాంటి మనిషి సొంత బావమరిది పికప్పు దగ్గర మూడుసార్లు బోల్తా పడ్డాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచొచ్చి ఇంట్లో ఓడాడు.

బావమరిది, అంటే భార్య తమ్ముడు, ఆ పికప్పులో డిపోకి పాల క్యాన్లు తోలుతాడు. గతుకు తగిలితే చాలు, మీటరు లైట్లన్నీ ఆరిపోయి ఇంజను ఆగిపోతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకొచ్చాక అత్తగారి ముందు కొత్త కోడలిలా ఎంత బుద్ధిగా ఉంటుందో! మొదటిసారి బ్యాటరీ టెర్మినల్స్ గీకి బిగించాడు. రెండోసారి ఫ్యూజులు మార్చాడు. మూడోసారి తాళం స్విచ్చే కొత్తది వేశాడు. వారం తిరక్కుండా బండి మళ్ళీ గుమ్మంలో ఉంది.

ఈసారి ఎండలో గంటన్నర ఆగింది. పాలన్నీ విరిగిపోయాయి. ఇంకొక్కసారి ఇలా జరిగితే రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని డిపో సూపర్‌వైజరు మొహం మీదే చెప్పాడట. బావమరిది ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ రూటు మీదే.

"నీ వల్ల కాకపోతే చెప్పెయ్ బావా, ఇంకో షెడ్డుకి తీసుకెళ్తా. ఏమీ అనుకోకు," అన్నాడు.

"ఏమీ అనుకోను," అన్నాడు టెస్టరు.

నిజంగానే ఏమీ అనుకోలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. భార్య పోయి ఐదు నెలలు. ఆ రోజు కూడా ఏడవలేదు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు. గుండె కాదు, బండరాయి అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళకేం తెలుసు! చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని లేస్తే, ఆ చెయ్యి కాసేపు మనది కాదనిపిస్తుంది చూశారూ, ఈయన మనిషంతా అలా అయిపోయాడు. ఉప్పు వేయని కూర మూడు రోజులు తిన్నాడు. మొన్న తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ వేలికి తగిలితే, చర్మం కాలిన వాసన వచ్చాకే చూసుకున్నాడు.

షెడ్డులో ఆవిడే రెండో మనిషి. ఇలా వచ్చిపోయే రోగానికి ఒక్కటే మందు. ఒకళ్ళు సీట్లో కూర్చుని, కరెంటు ఉన్నంతసేపే వెలిగే టెస్టు బల్బు చూస్తుండాలి, ఇంకొకళ్ళు తీగని జానెడు జానెడు కదుపుతూ పోవాలి. ఆవిడ "ఉంది... ఉంది..." అంటూనే ఉండేది, ఒళ్ళో కూరగాయలు తరుగుతూ కూడా. బల్బు ఆరిందనగానే ఈయన చెయ్యి ఆగేది. ఆవిడ పోయాక ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టలేదు. తానే తీగ కదిపి, తానే లేచి బల్బు చూసేవాడు. లేచేలోపు రోగం దాక్కునేది.

ఆ మధ్యాహ్నం బావమరిది వంక చాలాసేపు చూశాడు.

"కూర్చో. బల్బు వెలుగుతున్నంతసేపూ ఉంది అను," అన్నాడు.

బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాడు. ఉంది. ఫ్యూజు పెట్టె దాకా వచ్చాడు. ఉంది. పెడల్స్ దగ్గర తల పెట్టి పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఒకచోట వేళ్ళకి లావుగా ఒక జాయింటు తగిలింది. దాన్ని దాటేసి అవతలి తీగ పట్టుకున్నాడు.

"అదేంటి బావా, ఆ ముక్క వదిలేశావ్?"

"అది మీ అక్క చుట్టింది. బాగానే ఉంటుంది."

తడిమితేనే తెలుస్తుంది. టేపు చుట్టాక ఆవిడ చివర గోరంత మడిచేది, రేపు విప్పేవాళ్ళకి గోళ్ళు విరగకూడదని. మూడుసార్లూ ఈయన చెయ్యి ఆ మడత దాకా వచ్చి, పక్కకి తప్పుకుంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి.

బావమరిది సీట్లోంచి కిందికి వంగాడు. "రేపు ఆగితే రూటు పోతుంది బావా," అన్నాడు. అక్క మాట మాత్రం ఎత్తలేదు.

టెస్టరు వెనక్కొచ్చి ఆ జాయింటు పట్టుకుని కదిపాడు.

"ఉంది... ఉంది... ఆరింది."

మడత పట్టుకుని లాగితే టేపు ఒక్క ఊపులో వచ్చేసింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. రెండు తీగలూ మెలేసి ఉన్నాయి, సోల్డరింగ్ లేదు. ఆ మెలిక ఆయనదే. రెండేళ్ళ కిందట ఎలుక కొరికిన తీగ అది. ఆ రోజు షెడ్డు ముందు బండ్ల వరస. ఆవిడ వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీ చేత్తో పట్టుకుని, "సోల్డరింగ్ పెట్టవా?" అంది. "తర్వాత చూద్దాంలే, నువ్వు చుట్టెయ్," అన్నాడు. ఆవిడ మూడు వరసలు బిగించి చుట్టింది. ఆ బిగువు మీదే ఇన్నాళ్ళూ నడిచింది.

"తప్పు నాది," అన్నాడు కింద నుంచే. "మీ అక్క అప్పుడే చెప్పింది."

పచ్చబడ్డ ముక్క కోసేసి, కొత్త తీగ వేసి, సోల్డరింగ్ పెట్టి టేపు చుట్టాడు. చివర అంటించేశాక ఆగి, గోటితో మళ్ళీ లేపి మడిచాడు. తర్వాత ఇద్దరూ బండెక్కి కనపడ్డ గతుకునల్లా ఎక్కించి దించారు. మీటరు లైట్లు ఒక్కసారి కూడా ఆరలేదు. బావమరిది మొహం తేటపడింది. పొద్దున్నే పాలకి వెళ్ళాలి బావా అంటూ తాళం తీసుకోబోయాడు.

"ఇంకోసారి చూద్దాం, కూర్చో," అన్నాడు టెస్టరు, టెస్టు బల్బు మళ్ళీ తగిలిస్తూ.

"నడిచిందిగా బావా."

"కూర్చో."

మళ్ళీ కింద పడుకుని జాయింటు పట్టుకున్నాడు. ఊపాడు, లాగాడు, మెలితిప్పాడు. పైనుంచి, "ఉంది... ఉంది... ఉంది..." అని వినపడుతోంది. అప్పుడేసింది నొప్పి, ఛాతీ అడుగున, ఐదు నెలల తర్వాత. చెంపల మీంచి చెవుల్లోకి తడి కారుతోంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

"ఉంది బావా. ఇంకా ఎంతసేపు?"

"చెబుతూ ఉండు," అన్నాడు.