గిటారు ముక్క నేర్పిన చిన్నాయన

మొన్న తిరుపతిలో కళ్ళ ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చుని ఉంటే పక్కన కుర్రవాడి ఫోను మోగింది. మోగింది ఒక పాత ఇంగ్లీషు పాట నడుమ వచ్చే గిటారు ముక్క. అతను ఫోను ఎత్తి మాట్లాడుకుంటూ బయటికి పోయాడు కానీ, నర్సమ్మ నా పేరు రెండుసార్లు పిలిచినా వినిపించనంతగా నేను డెబ్బైల చివరి సంవత్సరాల్లోకి వెళ్ళిపోయాను.

మన ఈడువాళ్ళలో ఆ పాటల పిచ్చి పట్టినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. మనం కాచుకుని కూర్చునేది ఎక్కడో ఒక్కచోట వచ్చే ఆ అరనిమిషం కోసమే. ఒక పాటలో డ్రమ్ములు ఉన్నట్టుండి ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోటు, ఇంకొకదానిలో అయిపోయిందనుకున్నాక ట్రంపెట్ మళ్ళీ లేచే చోటు. తిరుపతిలో మా హాస్టలు గదిలో, ఒక స్నేహితుడు మద్రాసు నుంచి తెచ్చుకున్న టేపురికార్డరు చుట్టూ చేరి, ఆ చోటు రాగానే మాటలాపి, అయిపోగానే వెనక్కి తిప్పి మళ్ళీ వినేవాళ్ళం. నాకు అన్నిటికంటే ఇష్టం ఈ గిటారు ముక్కే. రెండో చరణం కాగానే వాద్యాలన్నీ తగ్గి, గిటారు ఒక్కటే ఒక స్వరాన్ని పట్టుకుని వదలలేక వదలలేక పైకి పోతుంది.

కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాట వాయించాలని నలుగురం పూనుకున్నాం. గిటారు నాది. నెలరోజులు కుస్తీ పడితే స్వరాలు వచ్చాయి కానీ వాటిలోని ఏడుపు రాలేదు. సెలవులకు టేపురికార్డరు అడిగి తీసుకుని, గిటారుతో సహా చిత్తూరులో మా ఇంటికి పోయాను.

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఇంగ్లీషు పాట అంతవరకు విన్నది లేదు. వసారాలో గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నాడు. "ఏం కష్టమొచ్చిందో పాపం ఆ వాయించే ఆయప్పకి" అన్నాడు మెల్లగా. తరువాత క్లారినెట్ అందుకుని, పెదవులతోనే స్వరాన్ని కింద నుంచి పైకి జరుపుకుంటూ ఆ ముక్కను ఉన్నదున్నట్టు పలికించాడు.

"నువ్వు సొరం మీదికి దూకతా ఉండావు. ఆయప్పని సూడు, కింద నుంచి పాక్కుంటా పోతా ఉండాడు. తీగని పక్కకి లాగప్పా."

నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని లాగించాడు. వేళ్ళు బొబ్బలెక్కితే కొబ్బరినూనె రాసి మళ్ళీ పట్టించాడు. అయిదోనాడు ఆ ఏడుపు వచ్చింది.

వార్షికోత్సవం నాడే చిన్నాయన బ్యాండుకు తిరుపతిలో ఒక పెళ్ళి తగిలిందని నాకు తెలియదు. సాయంత్రం మేము వాయిస్తూ ఆ ముక్క దగ్గరకు రాగానే వెనక వరసలవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు, ముగిశాక చప్పట్లు ఆగలేదు. వేదిక దిగి వరండాలోకి వస్తే అందరూ చుట్టుముట్టారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని లెక్చరరు గారు అడిగారు. ఎవరూ నేర్పలేదు, విని నేనే పట్టుకున్నానని చెప్పాను. అంతలో ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, చంకలో క్లారినెట్ పెట్టెతో చిన్నాయన నా వైపే వస్తున్నాడు, ముఖమంతా నవ్వు. ఎవరురా ఆ బ్యాండాయన అని స్నేహితుడు అడిగాడు.

"మా ఊరాయన" అన్నాను.

ఆ మాట ఆయన చెవిన పడింది. అడుగు ఆగింది. నవ్వు పోలేదు, కొంచెం చిన్నదైంది.

"అవునప్పా, ఈ అబ్బోడి ఊరే నాది" అన్నాడు నా స్నేహితుడితో. "ఈదిలో పోతా ఉంటే పాట ఇనిపించింది, వచ్చినాను. బాగా వాయించినాడు."

లెక్చరరు గారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను గేటుదాకా కూడా పోలేదు.

ఇంట్లో ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాయన ముందు నిలబెట్టి నాలుగు తిట్టినా నేను తేలికపడేవాణ్ణేమో. క్షమించమని అడగడానికి ప్రతి సెలవులకూ ఇంటికి పోతూ దారిపొడుగునా మాటలు కూర్చుకునేవాణ్ణి. ఆయన ఎదురుపడి అన్నం తిన్నావా అని అడగగానే తిన్నానని చెప్పి లోపలికి పోయేవాణ్ణి. కొన్నేళ్ళకు నా పెళ్ళికి తెల్లపంచె కట్టుకుని వచ్చి, ఒక మూల కూర్చున్నాడు. మా ఆఫీసువాళ్ళు పలకరిస్తే, పెళ్ళికొడుకు ఊరివాణ్ణని తానే చెప్పుకున్నాడట. నా భార్య అదేదో తమాషా అనుకుని నవ్వుతూ నాకు చెప్పింది. నేను లేచి పెరట్లోకి పోయాను. ఆ మరుసటేడు ఆయన దమ్ముజబ్బుతో పోయాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో క్లారినెట్ మాట ఎక్కడిది, బీరువాలంత స్పీకర్లు తప్ప. రెండుసార్లు విని మూడోసారి పలికించే మనుషులు మా వీధిలో ఎవరూ మిగల్లేదు. మనుషులు మంచిగా మారిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈమధ్య ఒక కాలేజీ సభకు పిలిస్తే పోయాను. బహుమతి తీసుకున్న అమ్మాయి మైకు పట్టుకుని, ఆటో తోలే తన నాయనను అందరి ముందూ లేచి నిలబడమంది. ఖాకీ చొక్కాతో ఆయన బిడియపడుతూ లేచాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను కానీ, ఆ పిల్ల ముఖం వైపు తలెత్తి చూడలేకపోయాను.