పోటు మీద కట్టిన పడవ

నా చిన్నప్పుడు భిలాయి క్యాంప్ 1లో మా వీధి మొత్తానికి నాన్న అంటే మా నాన్నే అని నా గట్టి నమ్మకం. ఆయన ఉక్కు ప్లాంటులో రిగ్గరు. క్రేను ఎత్తాల్సిన బరువులకు తాళ్లూ గొలుసులూ కట్టడం ఆయన పని. పదిమంది కదపలేని ఇనుము గాల్లోకి లేచిందంటే, అది మళ్లీ క్షేమంగా నేలకు దిగేదాకా చుట్టూ ఉన్నవాళ్ల ప్రాణాలు ఆయన కట్టులో ఉండేవి. ఆ ధ్యాస ఇంట్లోనూ ఆయన్ని వదిలేది కాదు. దండెం కట్టినా, ఊరెళ్లేటప్పుడు ట్రంకుపెట్టెకు తాడు బిగించినా, చివర్లో వేలితో ఓసారి మీటి చూసేవాడు. "ఇంచీ లూజు ఒదిలీకూడదమ్మా. లూజు ఒదిల్తే జాన్ పోతాది" అనేవాడు. నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి తన ముడి ఒకటి నాకు నేర్పేశాడు. రెండు చుట్లు, ఒక మెలిక, ఆపైన కాలు అదిమిపెట్టి లాగడం. పక్కింటివాళ్లు మేకను కట్టేయాలన్నా నన్నే పిలిచేవారు. నా పొగరు అప్పుడు ఏ స్థాయిలో ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా మనవలు రెండు రోజులు సెలవు దొరికితే చాలు, గోదావరి ఒడ్డుకి పరుగెడతారు. పడవలో కూర్చుని దిగిన ఫోటోలు నాకు ఫోనులో పంపుతారు. నేను వాళ్ల మొహాలకంటే ముందు ఆ పడవను గుంజకు ఎలా కట్టారో చూస్తాను. అలా చూడటం నాకు పదేళ్ల వయసులో, ఒక్క రోజులో అలవాటైంది.

మా మేనత్తను నరసాపురం ఇచ్చారు. గోదావరి సముద్రంలో కలవబోయే ముందు తగిలే చివరి ఊళ్లలో అదొకటి. ఆ వేసవిలో భిలాయి ఎండకు నాకు ఒళ్లంతా పొక్కులు లేస్తే, పిల్లకి గాలి మారుతుందని అమ్మ పట్టుబట్టింది. నాన్న నన్ను దుర్గ్‌లో రైలెక్కించి, విశాఖలో మరో రైలు మార్చి, మేనత్త ఇంట్లో దింపి, సెలవు లేదని మర్నాడే వెళ్లిపోయాడు. నెల తర్వాత వచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఆ ఊళ్లో నాకు నచ్చనిది ఏదీ లేదు, ఒక్క మామ్మగారు తప్ప. మా మేనత్తకు అత్తగారు ఆవిడ. చెడ్డ మనిషేం కాదు గానీ, తన కోడలి పుట్టింటివాళ్లంటే చులకన. నేను వెళ్లిన రెండోరోజే వీధరుగు మీద పదిమందిలో కూర్చోబెట్టుకుని, "మీ నాన్న చేసే పనేంటే? ఇనప్పెళ్లలు మొయ్యడవేనా?" అని అడిగింది. అరుగంతా నవ్వింది. మేనత్త తలుపు వెనక తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మా నాన్న మొయ్యడు. మా నాన్న కట్టు కడితేనే క్రేను లేగుస్తాది, తెలుసా?" అన్నాను. నా యాసకు ఇంకోసారి నవ్వారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల, మా నాన్న అంటే ఏమిటో వీళ్లకు చూపించాలి.

మావయ్యకు సొంత పడవ ఉండేది. గోదావరి నడుమ లంకల్లో పండిన అరటి గెలలను ఊళ్లోకి తెచ్చేవాడు. మాట తక్కువ మనిషి. ఒక పొద్దున్న నన్నూ పడవలో వెంటబెట్టుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి పదయి ఉంటుంది. వెనక భాగం నిండా గెలలు. నీళ్లు రేవులో పైమెట్టు దాకా ఉన్నాయి. గెలలు తీసుకెళ్లే బండి మధ్యాహ్నం వస్తుందని, ఈలోగా ఇంటికెళ్లి అన్నం తిని వద్దామని మావయ్య తెడ్లు ఒడ్డున పెడుతూ, పడవ తాడు గుంజకు వెయ్యమని నాతో అన్నాడు. నేను ఎదురు చూస్తున్న పని అదే. "నానే కట్టీస్తాను మావయ్యా, నాకొచ్చును" అన్నాను. పడవ ముక్కును గుంజకు ఆనించి, రెండు చుట్లు, ఒక మెలిక, కాలు అదిమిపెట్టి లాగాను. ఇంచీ లూజు వదల్లేదు. వేలితో మీటి కూడా చూశాను.

తాడు వదులుగా ఉంచాలని నాకు చెప్పాలన్న ఆలోచనే మావయ్యకు రాలేదు. పాపం, ఎలా వస్తుంది? నీళ్లు ఉన్నచోటే ఉంటాయనుకునే మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండడు. మా క్యాంపులో నీళ్లంటే కుళాయిలోంచి వచ్చేవి. వస్తే బిందెలో పట్టుకోవడం, పోతే మళ్లీ వేళయ్యేదాకా చూడటం. సముద్రం పోటుకు ఏరు ఎదురెక్కుతుందనీ, పాటుకు మెట్లకు మెట్లు దిగిపోతుందనీ, రోజుకు రెండుసార్లు ఇదే తంతనీ నాకు చెప్పినవాళ్లు లేరు. పైగా ఆ రోజు అమావాస్య. అమావాస్యకూ పున్నానికీ నీళ్లు మరీ కిందికి దిగిపోతాయి.

అన్నం తిని నడుం వాల్చామో లేదో, వీధిలోంచి కేకలు. మావయ్య వెనకాలే నేనూ పరుగెత్తాను. రేవులో చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నీళ్లు కిందికి పోయాయి, పడవ ముక్కు మాత్రం గుంజకు కరుచుకుని పైనే ఉండిపోయింది. వెనక భాగం నీళ్లలో మునిగి, గెలలన్నీ జారిపోయి, పాటు వెంట సముద్రం వైపు వరసగా పోతున్నాయి. ఊరందరికీ అది తమాషా. రెండు పడవలవాళ్లు నవ్వుకుంటూనే గెలల వెంట పడ్డారు. మావయ్య ముడి విప్పబోయాడు, రాలేదు. గట్టిగా పట్టి లాగాడు, రాలేదు. చివరికి ఎవరిదో కత్తి అడిగి తాడు కోశాడు. పడవ ధబ్బున నీళ్లలో పడింది. పక్క చెక్క ఒకటి చీలింది. దొరికిన గెలలు దొరికాయి, చాలావరకు పోయాయి.

ఇంటికి వచ్చాక మావయ్య చీలిన చెక్కకు మేకులు వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. మామ్మగారు ఊరుకోలేదు. అరుగు మీద నన్ను నిలబెట్టి, "నీకా కట్టు నేర్పిందెవరే?" అంది.

మా నాన్న అన్న మాట నా నాలిక చివర ఉంది. వారం రోజులుగా ఊదరగొడుతున్న మాట అది. కానీ ఇప్పుడు ఆ మాట అంటే మా నాన్న ఆ ఊరికంతటికీ నవ్వులపాలవుతాడు, మేనత్త ఇక ఆ ఇంట్లో తలెత్తలేదు. "ఎవరూ నేర్పలేదు. నా అంతట నానే కట్టీసాను" అన్నాను. నాన్నను కాపాడాను అనుకున్నాను. అయితే ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనేం చేశానో తెలియలేదు. బాగున్నన్ని రోజులూ ఆయన నా తండ్రి, చెడగానే ఆయన పేరే లేదన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పంతా తన తలమీద వేసుకుని మేనత్త వంటింట్లో ఏడవడం చూశాను.

మర్నాడు నీళ్లు మళ్లీ పైమెట్టుకు చేరే వేళకు మావయ్య నన్ను రేవుకు రమ్మన్నాడు. తిట్లు అక్కడ పడతాయి కాబోలనుకుంటూ వెళ్లాను. పడవను ఒడ్డుకు చేర్చి, కొత్త తాడు గుంజ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కొస నా చేతికిచ్చాడు. తాడు లాగితే ఆ మేరకు వదలమనీ, మొత్తం మాత్రం వదిలెయ్యొద్దనీ చెప్పి, చీలిన చెక్క బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నావైపు చూడనైనా లేదు. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి తాడు నా వేళ్లను మెల్లగా లాగింది. బెత్తెడు వదిలాను. మళ్లీ లాగింది. పొద్దు వాలేకొద్దీ ఒక్కో మెట్టూ బయటపడుతోంది. మూడింటికల్లా నేను నాకంటే పొడుగు తాడు వదిలి ఉన్నాను. పడవ కింద నీళ్లలో హాయిగా తేలుతోంది.

అప్పుడు మావయ్య వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుని, నిన్నటి తాడు ముక్కను చేతిలో పెట్టాడు. ముడి ఇంకా అలాగే ఉంది.

"పడవ బరువంతా మీద పడ్డా ఇసుమంత జారలేదే అమ్మాయ్. కత్తెట్టి కొయ్యాల్సొచ్చింది. ఇది నువ్వు కనిపెట్టిన ముడి కాదులే. మీ నాన్నదే కదా?"

నేను ఏడ్చేశాను. తల మాత్రం ఊపాను.

"ముడికేం, బ్రహ్మాండంగా ఉంది. మీ నాన్న కట్టేది ఇనుముకి. అది పెట్టినచోటే ఉంటుంది. ఇది నీళ్ల మీద ఉండేది. గుంజకి పనికిరాదు గానీ, పడవలో గెలలు జారకుండా కట్టుకోడానికి నాకు ఇలాంటిదే కావాలి. నేర్పుతావేంటి?"

ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే తాడు పట్టుకుని కూర్చున్నాడు. మెలిక ఆయనకు మూడుసార్లు తప్పింది. "అరే, అలా కాదు మావయ్యా, కాలెట్టి లాగు!" అని నేను గద్దించాను కూడా. నాలుగోసారికి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు బండి మీద, పోగా మిగిలిన గెలలకు అదే ముడి వేసి బిగించాడు. అరుగు మీదున్న మామ్మగారు చూసి, ఇదెక్కడి కట్టురా, ఎప్పుడూ చూడలేదే అంది. మావయ్య తాడు మీటి చూసుకుంటూ, వీధంతా వినేలా, "మా బావమరిదిదమ్మా. పిల్ల దగ్గర నేర్చుకున్నాను" అన్నాడు. మా మేనత్త తలుపు వెనకనుంచి బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. మామ్మగారు తన మంచం నులక వదులైందనీ, ఓసారి చూసి పెట్టమనీ నన్ను పిలిచింది. అంతకుమించి ఆవిడ దగ్గర ఆశించకూడదు.

నెల తర్వాత నాన్న వచ్చినప్పుడు, తిరుగు రైల్లో అన్నీ చెప్పేశాను, నా అబద్ధంతో సహా. ఆయన "మావయ్యకి ముడొచ్చిందా మరి?" అని మాత్రం అడిగాడు. వచ్చిందన్నాను. ఆయన మొహంలో ఆ వెలుగు ప్లాంటులో ప్రమోషన్ వచ్చిన రోజు కూడా చూడలేదు.

తర్వాత నేను భిలాయిలోనే సుపేలా దగ్గర బళ్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. పిల్లలు చేసే తప్పు వెనక ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారని నాకు తెలుసు. తప్పు కొట్టేసే ఎర్ర గీత ఆ నేర్పినవాళ్ల మీద కూడా పడుతుంది. అందుకే గీత గీసేముందు ఆ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో కనుక్కుని, నాకు రాకపోతే పిల్ల దగ్గరే నేర్చుకునేదాన్ని. ఒకసారి ఒక ఛత్తీస్‌గఢీ పిల్ల కూడికలన్నీ ఎడమవైపు నుంచి చేసుకొచ్చింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, నాకూ చూపించమన్నాను. నోటితో కూడేటప్పుడు అదే సులువు, నాకంటే ముందే జవాబు చెప్పింది. కాగితం మీద ఎక్కడ తేడా వస్తుందో అప్పుడు ఇద్దరం కలిసి చూశాం. ఎవరు నేర్పారని అడిగితే, క్లాసు మొత్తానికీ వినపడేలా, "మేరే బాబూజీ నే", మా నాన్నే నేర్పాడు అని చెప్పింది.

నరసాపురం అరుగు మీద నేను అనలేకపోయిన మాట అది. ఆ పిల్ల చేత అనిపించగలిగాను.