పోలమ్మ సయామ రాసిన మొదటి అంకం

మైదాపిండి ఉడికించిన జిగురు వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఆదివారం పొద్దున మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, సముద్రం దాటి వచ్చి స్థిరపడిన మా తెలుగువాళ్ళ హాల్లో అడుగు పెట్టగానే అదే వాసన. పిల్లలు నాటకం కోసం అట్ట కిరీటానికి బంగారు కాగితం అంటిస్తున్నారు. "సయామా, బాగుందా?" అని అడిగారు. ఇక్కడి దేశభాషలో పంతులమ్మను అలాగే పిలుస్తాం. బాగుందన్నాను గానీ నా మనసు అక్కడ లేదు. మా పోలమ్మ సయామ దగ్గరికి పోయింది.

ఆవిడ వారమంతా సంచౌంగ్ బజారులో లుంగీలు అమ్మేది, ఆదివారం మా చేత తెలుగు అక్షరాలు దిద్దించేది. కోపం ముక్కు మీదే ఉండేది. పలక మీద తప్పు రాస్తే ఊరుకునేది, అబద్ధం చెబితే మాత్రం నిప్పులు చెరిగేది. నాకు పదిహేనేళ్ళప్పుడు మాకోసం ఒక నాటకం రాసింది. పాత రాజు చేసిన యుద్ధాలతో, దోపిడీతో పాడైన రాజ్యానికి కొత్త రాజు వస్తాడు, దాన్ని మళ్ళీ నిలబెడతాడు. ఏ రాజు, ఏ కాలం అని అడిగితే, "ఏ రాజైతే ఏటే? పాడైన ఊరు ఎక్కడైనా ఒకలాగే ఉంటాది" అనేది. మొదటి అంకం నిండా ఆ ఊళ్ళే: తగలబడిన ధాన్యపు కొట్లు, తెగిన కాలవలు, కొడుకుల్ని సైన్యంలోకి ఈడ్చుకుపోతుంటే పొలిమేర దాటి పారిపోయిన సంసారాలు. రెండో అంకంలో పట్టాభిషేకం. రాజు వేషం నాది.

"అప్పుడే సింహాసనం ఎక్కీకే. కింద కూకో. ఊరోళ్ళు సెప్పింది ఇను. ఇన్నాకే లెగు" అని రిహార్సల్లో రోజూ అరిచేది. నాకు చిరాకేసేది. కిరీటం పెట్టుకున్నది నేల మీద కూర్చోవడానికా అని లోలోపల గొణుక్కునేదాన్ని.

నాటకానికి వారం ఉందనగా హాలు కమిటీ పెద్దాయన వచ్చాడు. "రోజులు బాగోనేవు పోలమ్మా. ఆ ఏడుపులూ తగలబెట్టడాలూ సర్కారు చెవిన పడితే? మనకెందుకు? పట్టాభిషేకం ఉంది కదా, అదొక్కటే ఆడించు."

"ఏటి ఇరిగిందో సెప్పకుండా ఏటి కడతాడండీ ఆ రాజు?"

"అలాగైతే హాలు తలుపు తియ్యం" అనేసి కుర్చీలో వెనక్కి వాలాడు. సయామ నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పే. సగం నాటకం ఆడతావేటి?"

నాకా మైదా జిగురు అట్ట కిరీటం మీద మోజు. "ఆడేద్దాం సయామా, అందరూ చూడ్డానికొస్తారు కదా" అన్నాను. ఆవిడ మొదటి అంకం కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మాట అన్న నన్ను ఇప్పుడు దొరకబుచ్చుకుని చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

నాటకం రోజు తెర తియ్యగానే చప్పట్లు. నేను సింహాసనం మీద కూర్చుని, "వెళ్ళిపోయిన వాళ్ళందరూ తిరిగి రండి! మీ పొలాలు మీకే" అన్నాను. నది అవతల దలా నుంచి పడవలో వచ్చిన ఒక ముసలమ్మ ముందు వరసలోంచి అడిగింది: "ఎక్కడికి పోనారమ్మా ఆళ్ళు? ఎందుకు పోనారు?" హాలంతా గొల్లున నవ్వింది. అప్పుడు వెనక నుంచి పోలమ్మ సయామ లేచింది. "నానొచ్చి సెప్తాను" అంటూ నడవలో నిలబడి మొదటి అంకమంతా ఒక్కతే చెప్పింది. కొట్లు ఎవరు తగలబెట్టారో, కాలవలు ఎవరు తెంచారో, తల్లులు చంటిపిల్లల నోరు మూసి ఎలా పొలిమేర దాటారో. ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. సయామ నా వైపు చూసి, "ఇన్నావా రాజా? ఇప్పుడేటి సేస్తావు?" అంది.

నేను కమిటీ పెద్దాయన మొహం చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను కిరీటం సర్దుకుని సింహాసనం మీదే కూర్చుండిపోయాను. తెర వేసేశారు.

మరుసటి ఆదివారం సయామ ఎప్పటిలాగే వచ్చింది. మొదటి అంకం కాగితాలు నా ముందు పడేసి, "నీ సేత్తో రాయి" అంది. రాస్తూ ఏడిచాను. "ఏడవకే. కోపం తెచ్చుకో. ఏడుపు సాయంత్రానికల్లా ఆరిపోతాది." ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. క్షమించానని ఏనాడూ అనలేదు, నేనూ అడగలేదు. తెచ్చుకోమన్న కోపం మాత్రం నా దగ్గర పదిలంగా ఉంది.

పిల్లల చేత సయామ నాటకమే ఆడించబోతున్నానని తెలిసి ఈ పొద్దున హాలుకి కమిటీ కొత్త పెద్దాయన వచ్చాడు. మనిషి మారాడు, మాట మారలేదు: పట్టాభిషేకం చాలట! అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ తలుపు మీరే మూసుకోండి" అని పిల్లల్ని మా ఇంటికి తీసుకొచ్చేశాను. దారిలోనే ముగ్గురి తల్లులు భయపడి వాళ్ళని తీసుకుపోయారు. ఐదుగురు మిగిలారు. వాళ్ళతోనే మా ముందు గదిలో మొదటి అంకం పూర్తిగా ఆడించాను.

రాజు వేషం వేసిన థీరి అందరి మాటా నేల మీద కూర్చుని వింది. రెండో అంకం మాట చెప్పడానికి లేచి నిలబడింది. నోరు తెరవబోయి, చెప్పమంటావా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నా వీపు వెనక నుంచి ఆ పిల్ల గొంతు గట్టిగా వినిపించింది: "వెళ్ళిపోయిన వాళ్ళందరూ తిరిగి రండి!"