నర్సయ్య మోకాలికి బహుమానం

నర్సయ్య మెట్లు పక్కకి తిరిగి దిగుతాడు, పీత నడిచినట్టు. ఒమన్‌లో వాడి కబీర్ అనే పేట మాది; ఇక్కడ మా బిల్డింగు లిఫ్టు చెడిపోయిన వారమంతా చూశాను. ఎక్కేటప్పుడు నాకంటే ముందుంటాడు. దిగేటప్పుడు గోడ పట్టుకుని ఎడమకాలు దించి, కుడికాలిని దాని పక్కకి చేర్చుకుంటాడు. ఏమిటయ్యా అంటే "ఏం లే తాతా, చెప్పు తెగింది" అన్నాడు. చెప్పులు చూస్తే రెండూ కొత్తవి.

మేం మూడో అంతస్తు. మా అమ్మాయి సూసన్ ఇక్కడ నర్సు. దాని ఇంట్లో నేనూ, మా ఆవిడ ఆదెమ్మా, మా అల్లుడు ప్రసాద్ బాబూ. నర్సయ్యది రెండో అంతస్తు. కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఎనిమిది మంది. ఊరు కోరుట్ల పక్కన. పాస్‌పోర్టు ప్రకారం నలభై ఆరేళ్ళు, వాళ్ళమ్మ ముత్తవ్వను అడిగితే నలభై తొమ్మిది. పంతొమ్మిదేళ్ళుగా ఒమన్‌లో స్కాఫోల్డింగ్ పని. భవనం కడుతుంటే దాని చుట్టూ ఇనప పైపులతో మంచెలు లేపుతారే, అది. కింది నుంచి అందించిన పైపును పైన ఒంటి చేత్తో పట్టుకుంటాడు. ఒకసారి అలాగే ఎగిరిపోతున్న పావురాన్ని పట్టాడు. పావురం మాట నేను కలిపిందే, కానీ పైపు సంగతి నిజం.

ఆ చేతుల వల్లే గోల్‌కీపర్ అయ్యాడు. కొండల అవతల అమెరాత్ అనే ఊళ్ళో ఉన్న వాళ్ళ కంపెనీ క్యాంపు జట్టుకి పదకొండేళ్ళు గోల్ కాశాడు. అక్కడి గోల్ స్తంభాలు కూడా ఇతనే పాత పైపులు, క్లాంపులతో బిగించాడు. ఆట మొదలయ్యే ముందు జేబులోంచి స్పానర్ తీసి ఆ క్లాంపుల్ని ఒక్కొక్కటే టక్ టక్‌మని కొట్టి వింటాడు. పనిలోనూ అంతే, తాను తట్టి వినని మంచె ఎక్కడు.

పనిలో ఇంకో నియమం ఉంది. పై నుంచి చేతిలోది ఏది జారినా, అది నేలకు చేరేలోగా నోట్లోంచి కేక పోవాలి. "నీచే దేఖో!" అని, కింద చూసుకోమని. కింద తెలుగువాడుండొచ్చు, బెంగాలీ ఉండొచ్చు, పఠాను ఉండొచ్చు, అందరికీ తెలిసిన మాట అదే. కింద ఉన్నవాడికీ ఒక నియమం ఉంది. కేక వినపడితే తల పైకెత్తి చూడకూడదు, ఉన్న పళాన గోడకి అతుక్కుపోవాలి. ఎనిమిదేళ్ళ కిందట అంజి అని ఒక కుర్రాడు వాళ్ళ జిల్లా నుంచి ఇతని కింద పనికి కుదిరాడు. మొదటి వారంలోనే ఒక క్లాంపు జారవిడిచి నోరు తెరవలేదు. అది ఇంజనీరు బూటు పక్కన పడింది. ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక నర్సయ్య అంజి చేతికి ఖాళీ రంగు డబ్బా ఇచ్చి, పైకెక్కించి, వందసార్లు పడేయించాడు. పడేసిన ప్రతిసారీ కేక వెయ్యాలి. ఆ తరువాత అంజి స్నానాల గదిలో సబ్బు జారినా "నీచే దేఖో!" అనేవాడని వాడి రూమ్ వాళ్ళు చెప్పుకుంటారు. ఇది మాత్రం నేను కలపలేదు.

ఇప్పుడు అంజికి ముప్ఫై. వెల్డర్ అయ్యాడు, అమెరాత్ క్యాంపులోనే ఉంటాడు, ఆ జట్టులో ముందుండి గోల్స్ కొట్టేది వాడే. వాడి భార్య రజితకు పోయినేడు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను వాడు ఇంతవరకు ఫోనులోనే చూశాడు. లీవు రెండుసార్లు వాయిదా పడింది.

ఈ జనవరిలో అమెరాత్‌లో గదులూ లీవులూ చూసే క్యాంప్ బాస్ నర్సయ్యను పిలిచి "ముసలోడివయ్యావు, కూర్చో" అని గ్లవ్స్ ఇంకొకరికిచ్చాడు. అప్పుడు మా అల్లుడు ప్రసాద్ బాబు రంగంలోకి దిగాడు. అల్లుడు టైల్స్ షాపులో స్టోర్ కీపరు. శుక్రవారాలు మాత్రం వాడి కబీర్ జట్టుకి మేనేజరు. నర్సయ్యకి ఒక జెర్సీ, మా ఆదెమ్మ పెట్టిన గోంగూర పచ్చడి ఒక సీసా ఇచ్చి జట్టులో చేర్చుకున్నాడు. ఆ పచ్చడి సీసా నాకని దాచింది. ఆ నష్టాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మేలో ఫుట్‌బాల్ కప్పు ఫైనల్‌కి చేరాం. ఎదురు జట్టు అమెరాత్.

గురువారం సాయంత్రం అఖీల్ టీ కొట్లో జనం ఈగల్లా మూగారు. అఖీల్ హైదరాబాదువాడు. టీ పోస్తూ ఆట గురించి తీర్పులు చెబుతుంటాడు. నిజామాబాదు పెయింటర్ నర్సింగ్ అప్పటికే బల్ల గుద్దుతున్నాడు.

"గా ముసలోన్ని తెచ్చి గోల్‌ల నిలవెట్టిన్రు. మనకు వయసు పోరగాళ్ళు లేరా? బాల్ కిందికి వస్తె వంగనీకే అరగంట వట్టె."

"సెమీస్‌లో నాలుగు ఆపిండు మియా, అప్పుడు నీ నోరు ఏడ వోయింది?" అన్నాడు అఖీల్.

"నాలుగు ఆపిండు, అయిదోది సైడుకు వోయింది. అదృష్టం."

"అదృష్టం కూడా కీపరే తెచ్చుకోవాలి నర్సింగ్" అన్నాడు మా అల్లుడు. "నువ్వు వేసిన రంగు ఆరేలోపు వాన రాకపోవడం కూడా అదృష్టమే. దానికి నిన్ను మెచ్చుకోవట్లేదా మేం?"

నర్సయ్య మూల కుర్చీలో ఉన్నాడు. ఎడమకాలు బల్లకింద చాపుకుని, తన గురించి కానట్టు బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

అంతలో అల్లుడి ఫోను మోగింది. అమెరాత్ వాళ్ళ గ్రూపులో తిరగాల్సిన వాయిస్ మెసేజ్ ఎవరో తొందరపడి రెండు జట్లూ ఉన్న గ్రూపులో పెట్టేశారు. క్యాంప్ బాస్ గొంతు. హిందీలో నెమ్మదిగా చెబుతున్నాడు: ఆ ముసలి కీపర్‌ను గ్రౌండ్ నుంచి మోసుకుపోయేలా కొట్టినవాడికి జూన్ లీవు జాబితాలో మొదటి పేరు. ఎడమ మోకాలు చూసుకోండి, వాడు వంగేటప్పుడు నేను చూశాను.

కొట్లో అందరూ ఒకేసారి మొదలెట్టారు. కప్పు రద్దు చేయించాలని ఒకరు, మనమూ అంజి కాలు విరగ్గొడదామని ఒకరు, నవ్వులాటకన్నాడేమో అని ఒకరు.

"నవ్వులాటకు ఎడమ మోకాలు అని ఎందుకంటడు?" అన్నాడు నర్సింగ్. ఇందాకటి నుంచి తిట్టినవాడే ఇప్పుడు లేచి నర్సయ్య పక్కన నిలబడ్డాడు. "అన్నా, నువ్వు రేపు ఆడకు. అయినా, ఎడమ మోకాలుకు ఏమైందే నీకు?"

"ఏం గాలే" అన్నాడు నర్సయ్య. బల్లకింద చాపిన ఎడమకాలిని చేత్తో ఎత్తి దగ్గరికి జరుపుకున్నాడు. అది నేనొక్కణ్ణే చూశాను.

నాకు వేరే దారి తోచలేదు. నేను చదివింది గుంటూరు కాన్వెంటులో, అయిదో తరగతి దాకా మగపిల్లల్ని కూడా ఉంచుకునేవారు. మా హెడ్ సిస్టరు గౌను ఎత్తి పట్టుకుని బంతిని తంతే అది కాంపౌండు దాటి, రైలు పట్టాలు దాటి, గూడ్సు బండి ఎక్కి తెనాలిలో దిగిందని, అక్కడి స్టేషన్ మాస్టరు దానికి టిక్కెట్టు లేదని ఫైను వేశాడని మొదలుపెట్టాను. జనం నవ్వారు. మోకాలి మాట పక్కకి పోయింది.

ఇంటికి వస్తుంటే, మెట్ల దగ్గర నర్సయ్య ఆగాడు.

"తాతా, మోకాలు పోయింది. రెండేండ్ల సంది."

"మరి డాక్టరు?"

"ఆదివారం డాక్టర్ దగ్గరికే వోవాలె. ఎత్తు మీద పని చేసెటోళ్ళకు ఏడాదికోసారి మెడికల్. గాయన ముందల ఇరవై గుంజీలు దియ్యాలె. దియ్యకుంటే పైకి ఎక్కనియ్యరు. పైకి ఎక్కనోడు స్కాఫోల్డింగ్‌ల ఎందుకు? వీసా క్యాన్సిల్ గొట్టి పంపుతరు. కరీంనగర్ల మా బిడ్డ నవీన నర్సు చదువు ఇంకా రెండేండ్లు ఉన్నది. కప్పు తోని నాకేం పని తాతా, ఇరవై గుంజీలతోని పని."

"అయితే రేపు ఆడటం మానెయ్యి."

"మానేస్తె ఎందుకు మానేసిండు అంటరు. మా ఫోర్‌మన్ ఫైనల్ చూడనీకి వస్తుండు. మోకాలు అని ఒక్క మాట ఆయన చెవుల వడ్డదంటె ఆదివారం దాక గూడ ఆగడు." గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఆడుతె వాళ్ళు ఇరగ్గొడ్తరు, ఆడకుంటె నేనే చెప్పుకున్నట్టు. రూమ్‌ల గూడ ఎవలికి చెప్పలే. నువ్వు ఎవలికన్న చెప్తవా?"

చెప్పనన్నాను. నా జన్మలో కడుపులో దాచుకున్న మొదటి నిజం అది. ఆదెమ్మకు కూడా చెప్పలేదు. అన్నం సహించలేదని మాత్రం చెప్పాను. ఆవిడ వెంటనే థర్మామీటరు తెచ్చింది.

శుక్రవారం అయిదింటికి ఎండ ఇంకా చుర్రుమంటోంది. అమెరాత్ గ్రౌండ్ కొండల మధ్య వాగు పక్కన ఉంది, అంతా గులకరాళ్ళే. నర్సయ్య స్పానర్ తీసి క్లాంపులు తట్టాడు. తాను కట్టిన స్తంభాలే, తన్ను వద్దన్న ఊళ్ళో. అన్నీ తట్టాక వంగి, ఎవరూ చూడటం లేదనుకుని, ఎడమ మోకాలి చిప్ప మీద కూడా స్పానర్‌తో మెల్లగా రెండుసార్లు తట్టి, చెవి అటు వంచాడు.

ఫోర్‌మన్ మడత కుర్చీ వేసుకుని సరిగ్గా గోల్ పక్కనే కూర్చున్నాడు. నేను ఆయన పక్కన చాప వేసుకున్నాను.

బాల్ నర్సయ్య వైపు వచ్చిన ప్రతిసారీ నేను ఫోర్‌మన్ మొహం చూసేవాణ్ణి. అమెరాత్ వాళ్ళు ముగ్గురు మీద పడబోయారు. ముగ్గుర్నీ మావాళ్ళు ముందే అడ్డుకున్నారు. అంజి మాత్రం దూరంగా ఉన్నాడు. నర్సయ్య వైపు చూడటంలేదు. ఒకసారి మంచినీళ్ళ దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. నర్సయ్య "బిడ్డ మంచిగున్నదా?" అన్నాడు. అంజి సీసా మూత పెట్టకుండానే వెళ్ళిపోయాడు.

రెండు జట్లకీ గోల్ పడలేదు. ఇంకా మూడు నిమిషాలుందనగా మావాళ్ళంతా అవతలి గోల్ మీదికి వెళ్ళిన సమయంలో బాల్ అంజికి దొరికింది. ముందు ఎవరూ లేరు, నర్సయ్య తప్ప.

నర్సయ్య స్తంభం పక్కనుంచి రెండడుగులు ఎదురువచ్చాడు. ఎడమ మోకాలు నేలకి ఆనించి, చేతులు పరిచాడు. అంజి బాల్‌ను ముందుకు వదిలేశాడు. వాడి చూపు బాల్ మీద లేదు. మోకాలి మీద ఉంది. బూటు అడుగు పైకి లేచింది. నేను కళ్ళు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయాను.

"నీచే దేఖో!"

అరిచింది అంజే. కాలు లేచింది, దాంతోపాటే నోరూ తెరుచుకుంది. ఆ కేకకి నర్సయ్య ఆలోచించలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఒళ్ళు ఏం చేస్తుందో అదే చేసింది. మోకాలు లాక్కుని, పక్కకి దొర్లి, స్తంభానికి అతుక్కుపోయాడు. అంజి ఖాళీ దుమ్ములో వెల్లకిలా పడ్డాడు. బాల్ తీరిగ్గా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది.

అమెరాత్ వాళ్ళు కప్పు ఎత్తారు. అంజిని భుజాల మీద ఎక్కించుకోబోతే వాడు దిగిపోయాడు.

ఫోర్‌మన్ నా వైపు తిరిగి హిందీలో అడిగాడు: "బాల్ చేతికి అందేదే. ఎందుకు తప్పుకున్నాడు? కాలు ఏమైనా బాగాలేదా?"

"సాబ్, మీరు సైట్‌లో ఆ కేక వింటే ఏం చేస్తారు?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "గోడకి పోతాను" అన్నాడు. కుర్చీ మడుచుకుంటూ ఒకటికి రెండుసార్లు వెనక్కి చూశాడు. నర్సయ్య కుంటకుండా నడుస్తున్నాడు. అలా నడవడానికి అతనికి ఏమవుతోందో నాకు తెలుసు.

శనివారమంతా అఖీల్ కొట్లో యుద్ధమే. కీపరన్నవాడు చావనైనా చావాలి గానీ గోల్ వదలకూడదని నర్సింగ్. అంజి అరవకపోతే ఈపాటికి అన్న ఆస్పత్రిలో ఉండేవాడని మా అల్లుడు. క్యాంప్ బాస్‌ను నిలదీస్తే తమాషాకన్నానని చెప్పాడు. జూన్ జాబితాలో అంజి పేరు మాత్రం లేదు. గోల్ కొట్టమనలేదు కదా, ముసలోణ్ణి మోయించమన్నాను కదా అన్నాడట. తమాషా అన్న నోటితోనే.

ఆదివారం పొద్దున నర్సయ్యతో నేనూ క్లినిక్‌కి వెళ్ళాను. నాకూ బీపీ చూపించుకోవాలని అబద్ధం చెప్పాను. చూస్తే నిజంగానే ఎక్కువుంది. కారిడార్‌లో బెంచీ మీద అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. అంజి. సగం డ్యూటీ వదిలి అమెరాత్ నుంచి వచ్చాడు. నర్సయ్య వాడిని చూసి, చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

తలుపు కొంచెం తెరిచే ఉంది. డాక్టరు ఇంగ్లీషులో లెక్కపెడుతున్నాడు. నేను లోలోపల తెలుగులో లెక్కపెట్టాను. తొమ్మిది. పది. అంజి రెండు చేతులూ తన మోకాళ్ళ మీద బిగించాడు. పద్నాలుగు దగ్గర లోపల కట్టె విరిగినట్టు చప్పుడైంది. లెక్క ఆగింది. అంజి నా భుజం పట్టుకున్నాడు, నాకు నొప్పి పుట్టేంత గట్టిగా. చాలాసేపటికి, "ఫిఫ్టీన్." మళ్ళీ చాలాసేపు. "సిక్స్‌టీన్."

ఇరవై అయ్యాకే వాడు నా భుజం వదిలాడు.

నర్సయ్య కాగితం పట్టుకుని వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. "ఏడాదికి ఇయ్యలే తాతా. ఆరు నెలలకు ఇచ్చిండు. గప్పుడు మళ్ళ రమ్మన్నడు."

ఆరు నెలలంటే నవంబరు. నవీనకు అప్పటికి ఇంకా ఏడాదిన్నర మిగులుతుంది.

"అన్నా" అన్నాడు అంజి. "గా కేక నేను వెయ్యలే. దానంతట గదే వచ్చింది. ఒట్టు. నేను తన్నాలనే వచ్చిన."

"తెలుసు" అన్నాడు నర్సయ్య. "గా కాలు జూస్తె తెల్వదా. పా."

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. అంజి అడగకుండానే ముందు దిగి, రెండు మెట్లు కింద, నర్సయ్య వైపు తిరిగి నిలబడ్డాడు. నర్సయ్య గోడ పట్టుకుని పక్కకి తిరిగాడు. ఎడమకాలు దించాడు. కుడికాలు చేర్చాడు. మూడో మెట్టు మీద చేతిలోని నీళ్ళ సీసా జారి, మెట్ల మీద దడదడమంటూ అంజి పాదం పక్కన పడింది.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నర్సయ్య నోట్లోంచి ఏ కేకా రాలేదు.

అంజి వంగి సీసా తీసుకున్నాడు. తలెత్తి నర్సయ్యను చూశాడు. నవ్వబోయాడు కానీ నవ్వు సగంలోనే ఆగింది. సీసా చంకలో పెట్టుకుని, ఖాళీ చెయ్యి పైకి చాపాడు. నర్సయ్య కాసేపు ఆ చేతిని చూసి, గోడ వదిలేసి, దాన్ని పట్టుకున్నాడు.