పందొమ్మిది ముఖాలు, ఒక గీత

నోరు విప్పకుండా చేసుకునే పని ఏదైనా ఉంటుందా అని వెతికి వెతికి నేను డిజైన్ క్లాసులో చేరాను. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో పదకొండు రోజులు చిన్నపిల్లలకు పాఠం చెప్పాను. పన్నెండో రోజు గొంతు పోయింది. జ్వరం లేదు, జలుబు లేదు, ఉత్తగా పోయింది. అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నాకు లోపల మాత్రం సంతోషంగా ఉంది. ఆ సంగతి డైరీలో రాసి, ఎవరైనా చదువుతారేమోనని ఆ పేజీని నాలుగు మడతలు పెట్టాను.

మెదక్ బస్టాండుకు దగ్గర్లో ఒక ఫ్లెక్సీ షాపు ఉంది. దాని పైగదిలో క్లాసు. ఏడుగురం, మూడు నెలలు. కింద మెషిన్ నడిచినంతసేపూ కాళ్ల కింద నేల సన్నగా వణికేది. ఇంకు వాసన మెట్లెక్కి వచ్చేది. షాపూ క్లాసూ సార్‌వే. ఆయన హైదరాబాదు ప్రెస్సుల్లో చాలా ఏళ్లు పనిచేసి సొంతూరికి వచ్చిన మనిషి. మొదటి వారమే ఒక మాట అన్నారు.

"కింద రెండో కంప్యూటర్ ముంగట కుర్చీ ఖాళీగున్నది. కోర్సు అయిపోయేలోపట ఎవరన్న ఒక్క కస్టమర్ తోని, నేను మధ్యల లేకుంట, ఓకే అనిపిచ్చుకోండ్రి. కుర్చీ వాళ్లదే."

మిగతావాళ్లకు ఆ కుర్చీ మీద అంత ఆశ లేదు. ఒకరికి ఫోటో స్టూడియో ఉంది, ఒకరు హైదరాబాదు పోవాలనుకుంటున్నారు. నిజాంపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క అయితే తన ఊళ్లోనే షాపు పెడతానని అప్పుడే దానికి పేరు కూడా ఆలోచించుకుంది. నాకు మాత్రం ఆ కుర్చీ కావాలి. అది దొరక్కపోతే జూన్‌లో మళ్లీ ఆ బడికే వెళ్లాలని ఇంట్లో మాటైపోయింది. రోజూ క్లాసుకు వెళ్తూ షాపు అద్దంలోంచి ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందా అని చూసుకునేదాన్ని.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వలేదు. నల్ల చార్టు ముక్కలు తలా ఆరు, ఒక తెల్లకాగితం, గమ్ము సీసా ఇచ్చారు.

"నేనొక మాట చెప్త. కాయితం మీద ఆ మాట కనబడాలె. రాసుడు లేదు, గీసుడు లేదు. అతికిచ్చుడే."

గుంపు, అన్నారు. పడబోతోంది, అన్నారు. అవి అందరికీ వచ్చాయి. మూడో మాట ప్రశాంతం. నేను ఒక్క ముక్కను కాగితంలో కింద కుడిమూలకు అతికించి, మిగతా అయిదూ డ్రెస్సు జేబులో వేసుకున్నాను. నాకది చాలా బాగా కుదిరిందనిపించింది. సార్ అందరి కాగితాలూ తాడుకు క్లిప్పులతో వేలాడదీశారు. నా కాగితం ముందు నిజాంపేట అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గిది ప్రశాంతమా చెల్లె? పెండ్లిల అలిగి మూలకు కూసున్నట్టున్నది."

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "జాగ ఇడిచిపెట్టుడు ఈమెకు వచ్చు. ఎందుకు ఇడిచిపెట్టాలెనో ఇంక రాలె," అని తర్వాతి కాగితం దగ్గరికి వెళ్లిపోయారు. ఆ మాట వారం రోజులు నన్ను నిద్రలో కూడా గీకింది.

ఇంకోరోజు పాత పెళ్లిపత్రికల కట్ట తెచ్చి కత్తెరలు ఇచ్చారు. వధువు, వరుడు, ముహూర్తం, విందు, ఆహ్వానించువారు, అన్నింటినీ విడివిడిగా కత్తిరించి కుప్ప పోయాలి. ఆ తర్వాత ఎవరు ఎవరి పక్కన ఉండాలో చూసి కొత్తగా అతికించాలి. సంబంధం ఉన్నవి దగ్గరగా, లేనివి దూరంగా. చెబితే తేలికే. నా పత్రికలో పెళ్లికూతురి మేనమామ వెళ్లి ఫంక్షన్ హాలు అడ్రసు కింద పడ్డాడు.

"పాపం, మేనమామను వాచ్‌మన్ జేసినవ్," అంది అక్క.

మరోరోజు గది ఈ చివర నిలబడి ఆ చివర గోడ మీది పోస్టర్లను కళ్లు చికిలించి చూడమన్నారు. అక్షరాలు మసకబడ్డాక కూడా ఏది ముందు కనబడుతుందో అదే ఆ పోస్టర్‌కు యజమాని అట. ఇంగ్లీషు వీడియోల్లో చూపినట్టు వరుసలను దగ్గరగా జరిపితే తెలుగులో పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడి తన్నుకుంటాయని కూడా అక్కడే తెలిసింది. మన అక్షరాలకు ఊపిరాడాలంటే వరుసల మధ్య ఎక్కువ చోటు వదలాలి. దాన్ని డైరీలో రెండుసార్లు రాసుకున్నాను.

రెండో నెల వచ్చేసరికి నాకు కుదురు పోయింది. పాల ప్యాకెట్ మీద అక్షరాలు ఎడమకు జరిగి ఉన్నాయి. మందుల షాపు బోర్డులో ఆరు రంగులు. మెదక్ పెద్ద చర్చి ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను గానీ, చుట్టూ అంత ఖాళీ లేకపోతే అది అంత ఎత్తుగా కనబడేది కాదని అప్పుడే తోచింది. అన్నిటికన్నా కష్టం పుస్తకాలతో వచ్చింది. మధ్యాహ్నాలు మంచం కిందినుంచి నవల తీసి చదువుకోవడం నా దొంగసుఖం. ఇప్పుడు కథ సగంలో ఆగిపోయి, పేజీ పక్కన ఎంత అంచు వదిలారో వేలితో కొలుస్తున్నాను.

"పుస్తకం సదువుతున్నవా, కుట్టు కొలతలు దీస్తున్నవా?" అంది అమ్మ గడపలోంచి.

కోర్సు ఇంక వారంలో అయిపోతుందనగా కౌడిపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. తల్లి పోయి ఆరో రోజు. పదోరోజు దినానికి ఫ్లెక్సీ కావాలి. సార్ ఆయన మాట పూర్తిగా వినకముందే, "గీ అమ్మాయి జేస్తది, ఆమెకు చెప్పుండ్రి," అని చాయ్ తాగడానికి బయటికి వెళ్లిపోయారు.

రైతు ఫోన్ తీసి ఒక్కొక్కటే చెప్పాడు. వెనక మబ్బులు కావాలి. సూర్యకిరణాలు రావాలి. అటూ ఇటూ దీపాలు. శ్రద్ధాంజలి అన్న మాట బంగారు రంగులో ఉబ్బెత్తుగా ఉండాలి. కింద ఇంటివాళ్లవి పందొమ్మిది ఫోటోలు. నేను అన్నిటికీ తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చిన భాష. ఒక్క ప్రశ్న అడగలేదు.

తల్లికి విడిగా తీయించిన ఫోటో లేదు. మనవరాలి పెళ్లి గ్రూపు ఫోటోలోంచి తీసుకోవాలి. ఎవరిదో మోచెయ్యి ఆమె భుజానికి అడ్డం. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆమె మాత్రం పక్కకు, కొంచెం కిందికి చూస్తోంది, నవ్వుతూ. ఆ మోచెయ్యిని చెరిపేసి భుజం చీరంచు కలపడానికే ఒక పూట పట్టింది. ఆ పూటంతా ఆమెతో కూర్చున్నట్టు అనిపించింది.

తర్వాత ఆయన చెప్పినవి ఒక్కటీ చేయలేదు. వెనక అంతా లేత బూడిదరంగు. కుడివైపు ఆమె. ఎడమంతా ఖాళీ. పేరు, తేదీ, ఊరు. పందొమ్మిది మందివీ ఫోటోలు తీసేసి, కింద ఒక మూల చిన్న అక్షరాల్లో పేర్లు రాశాను. కళ్లు చికిలించి చూశాను. ఆమె ఒక్కతే కనబడింది. నిజాంపేట అక్క కూడా రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూసింది. మధ్యాహ్నం వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు రాలేదు. నేను మెట్లు ఎక్కి దిగాను, నాలుగుసార్లు నీళ్లు తాగాను, ఫోన్‌ను బోర్లా పెట్టి మళ్లీ తిప్పాను.

సాయంత్రం ఆయనే వచ్చాడు. వెంట ఆయన బావ, అంటే చెల్లెలి భర్త. కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా. సార్ గల్లా దగ్గర కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మధ్యలోకి రాను అన్న మాట మీదే ఉన్నారు.

"నా ఫోటో ఏది?" అన్నాడు బావ. "ఇంటల్లుని. ముప్పై ఏండ్లాయె ఆ ఇంటికి అల్లునై. గా మూలకు నల్లచీమల లెక్క పేర్లు రాసింది. ఊరోళ్లు జూస్తే ఏమంటరు? అల్లునికీ అత్తకూ పడకపోతుండె అంటరు."

"నువ్వు జర ఆగు బావా," అన్నాడు ఆయన. ఫోన్‌లో నేను చేసిన బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు. కోపంగా లేడు. అందుకే నాకు భయమేసింది.

"బిడ్డా, గింత జాగ ఉత్తగ ఎందుకు ఇడిచిపెట్టినవ్?"

క్లాసులో నేర్చుకున్న జవాబు నోటిదాకా వచ్చింది. ఈలోపే ఆయన ఫోన్‌ను నా వైపు తిప్పాడు.

"మా అమ్మను ఒక్కదాన్ని జేస్తివి," అన్నాడు. "మా అమ్మ ఒక్కనాడు ఒక్కతే తినలె. అందరినీ బంతిల కూసోబెట్టి, అందరికీ ఏసినంక, ఆఖరికి తినేది. గీ ఫోటోల జూస్తే అందరూ ఇడిచిపెట్టి పోయినట్టున్నది."

మెషిన్ ఆగి ఉంది. సార్ పేపరు తిప్పారు. నేను తల ఊపితే అయిపోయేది. సరేనని మబ్బులూ దీపాలూ వేసి ఇచ్చేస్తే ఆయన ఓకే అనేవాడు కూడా. కుర్చీ దొరికేది. కాని ఆ మోచెయ్యి తీసేసిన భుజం గుర్తొచ్చింది. దాని మీద సూర్యకిరణాలు పెట్టడం నా వల్ల కాదు.

"ఒక్క గంట కూసోండ్రి అన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అందరినీ పెడ్త. మబ్బులు మాత్రం వద్దు. అమ్మ మొఖం మబ్బులల్ల కలిసిపోతది."

"మరి దీపాలు?"

"ఒకటి పెడ్త. చిన్నది."

"ఏడు గంటల బస్సుకు పోవాలె మేము," అన్నాడు బావ, కుర్చీ లాక్కుంటూ.

పందొమ్మిది ఫోటోలూ తెరిచాను. ఒకరికి నల్ల కళ్లద్దాలు, ఒకరి వెనక ట్రాక్టరు, ఒక పాప నాలుక బయటపెట్టి ఉంది. మామూలుగా అయితే గుండ్రాలు కత్తిరించి, పెద్దవాళ్లకు పెద్ద గుండ్రం, చిన్నవాళ్లకు చిన్న గుండ్రం పెట్టి కింద చల్లేస్తారు. నేను ఆయన మాటనే పట్టుకున్నాను. బంతి. బంతిలో అందరి విస్తరాకూ ఒకటే కొలత. ఒక గీత గీసి, అందరి ముఖాలూ ఒకే సైజు చేసి, అందరి కళ్లూ ఆ గీత మీదికి వచ్చేలా ఒక్కొక్కరినీ జరిపాను. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చూపుకు తోచినట్టు పెద్దల నుంచి చిన్నల వరకు, భుజం భుజం తగులుతూ ఒకే వరుస. పైన ఆమె, పేరు పక్కన ఒక చిన్న దీపం. ఎడమ పక్కన ఖాళీ అలాగే ఉంది, కాని ఇప్పుడు ఆమె చూపు ఆ ఖాళీలోంచి వాలి వరుస మీద పడుతోంది. ఎవరి ఆకులో ఏం అయిపోయిందో చూస్తున్నట్టు.

రైతు కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరికి వచ్చాడు. వరుస వెంట ఒక్కొక్క ముఖం మీదా వేలు జరుపుకుంటూ వెళ్లాడు.

"నీ ఆకుల కూర లేదు అని అమ్మ అంటున్నట్టున్నది," అన్నాడు చివరికి, ఆ పాప ఫోటో చూపిస్తూ. బావ కూడా వంగి చూశాడు.

"బాగనే ఉన్నది గని, నన్ను ముంగట పెట్టమ్మా. ఇంటల్లుడు ముంగట ఉండాలె."

ఈసారి తల ఊపలేదు. "పెద్దల నుంచి చిన్నల దాంక పెట్టిన అన్నా. మీరు అందరికన్న పెద్దగుంటే మొదట్ల మీరే."

"నేనే పెద్ద."

"ఏందో?" అన్నాడు ఆయన. "నాకన్న రెండేండ్లు చిన్నోనివి నువ్వు. పెండ్లప్పుడు మా నాయినకు వయసు ఎక్కువ జేసి చెప్పినవ్, ఇంక గదే పట్టుకున్నవ్."

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గా మాట ఇప్పుడెందుకు?" అన్నాడు. పేపరు వెనక సార్ భుజాలు కదిలాయి. నేను కూడా నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

"ఓకే బిడ్డా, కొట్టియ్యి," అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున మెషిన్ మీద అది అచ్చయింది. ఫ్లెక్సీ తలకిందులుగా వస్తుంది, అడుగు భాగం ముందు. కాబట్టి ముందు గడ్డాలు, తర్వాత నోళ్లు, ఆ తర్వాత పందొమ్మిది జతల కళ్లు ఒక్కసారిగా బయటికొచ్చాయి. అప్పుడు కనబడింది. వరుసలో రెండోవాడి, అంటే బావ కళ్లు గీతకు ఒక దారం మందం కిందికి ఉన్నాయి. కళ్లజోడు ఫ్రేమును చూసి కళ్లనుకుని జరిపినట్టున్నాను. సార్‌కు చూపించాను.

"ఎవరికి కనబడదు," అన్నారు.

"నాకు కనబడుతుంది సార్."

"మంచిదే. సోమవారం నుంచి తొమ్మిదింటికి రా."

దినం రోజు ఆయన వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. టెంటు కింద ఫ్లెక్సీ, దాని ముందు జనం బంతిలో కూర్చుని తింటున్నారు. నేను వేళ్లతో పెద్దది చేసి ముందు బావ కళ్లే చూశాను. అమ్మ పిలిచినా వినబడలేదు. ఇప్పటికీ ఆ ఫోటో ఫోన్‌లో ఉంది. తీసినప్పుడల్లా అక్కడికే పోతుంది చూపు.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఒక చక్రం సరిగా తిరగదు, కదిలితే పక్కకు లాగుతుంది. మాట్లాడనక్కర్లేని కుర్చీ అనుకుని మూడు నెలలు దీన్ని అద్దంలోంచి చూశాను. కంప్యూటర్ పక్కనే షాపు ఫోన్ పెట్టి ఉంది. సార్ ఇంకా రాలేదు. అది మోగింది. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు.

ఎత్తాను. అవతల ఎవరో అల్లాదుర్గ్ నుంచి, పుట్టినరోజు ఫ్లెక్సీ అట, గడగడా చెప్పుకుపోతున్నాడు, మబ్బులు, నక్షత్రాలు, పులి బొమ్మ. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగాను.

"అవన్నీ తర్వాత చెప్పుండ్రి," అన్నాను డైరీ తెరిచి, ఖాళీ పేజీ మీద స్కేలు పెడుతూ. "ముందుగాల, ఎంతమందిని కూసోబెట్టాలె?"