నువ్వులు మాడిన రోజు

మా పై వాటాలో ఎవరో నువ్వులు మాడబెట్టారు. మిర్యాలగూడలో ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. ఏటా పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, వేయించిన నువ్వుల వాసన మెట్ల మీదుగా కిందికి దిగుతుంది గానీ, మాడిన వాసన రావడం ఇదే మొదటిసారి. నువ్వులు వేయించేటప్పుడు పక్కకు చూడొద్దని మా అమ్మ అనేది. పోయిన ఎండాకాలంలో అమ్మ చనిపోయింది. ఆమె నువ్వులు మాడబెట్టగా నేను చూసింది ఒక్కసారే. అది నా వల్ల.

అప్పుడు మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. నాయన ఎరువుల దుకాణంలో గుమాస్తా. మామూలు రోజుల్లో మెత్తటి మనిషి, అన్నంలో రాయి వచ్చినా ఏమీ అనకుండా పక్కన పెట్టి తినేవాడు. క్రికెట్ ఉన్న రోజు మాత్రం వేరే మనిషి. మనోళ్లు గెలిచినప్పుడు వేసుకున్న చొక్కాను ఉతకనిచ్చేవాడు కాదు, ఫోర్ కొట్టినప్పుడు ఇంట్లో ఎవరు ఎక్కడుంటే వికెట్ పడేదాకా అక్కడే ఉండాలనేవాడు, పక్కింటి మల్లేశం మామ ఒకసారి లోపలికి అడుగుపెట్టగానే వికెట్ పడిందని ఆయన్ను ఎప్పటికీ బయటి అరుగు మీదే కూర్చోబెట్టాడు. మల్లేశం మామకు కిటికీలోంచి సగం టీవీయే కనిపించేది. "నేను సూసేది ఎడమ దిక్కు మ్యాచే బావా, కుడి దిక్కు ఏమైతుందో నువ్వే చెప్పాలె" అనేవాడు. నాయన నవ్వేవాడు కాదు.

ఓడిపోతే ఆయన అన్నం ముట్టడు, ఎవరితోనూ మాట్లాడడు. రెండు రోజులు అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోమేది. గెలిస్తే మిర్చి బజ్జీలు తెచ్చి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాడంతా తిప్పేవాడు. ఆ భుజాల కోసం ఆయన చట్టాలను నేను ఆయన కంటే గట్టిగా పట్టుకున్నాను.

బతుకమ్మ వచ్చిందంటే కోదాడకు, అమ్మ తల్లిగారింటికి పోయేవాళ్లం. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి తంగేడు పచ్చగా కనబడేది. అమ్మమ్మ గునుగు పూలకు రంగులద్ది చాటల్లో ఆరబెట్టి ఉంచేది, మేం అష్టాచెమ్మా ఆడుతూ ఆ రంగులు మోకాళ్లకు అంటించుకునేవాళ్లం, లోపల పెద్దవాళ్లు రొట్టెలు నలిపి బెల్లమూ నెయ్యీ వేసి మలీద ముద్దలు కట్టేవాళ్లు. అమ్మమ్మకు ఒక పట్టింపు ఉండేది. బతుకమ్మను తనే పేర్చేది గానీ, పైన పెట్టే పసుపు గౌరమ్మను మాత్రం తన బిడ్డ, మా అమ్మ చేతితోనే పెట్టించేది. అది పెట్టనిదే బతుకమ్మ గడప దాటదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు సద్దుల నాడే మ్యాచ్ పడింది. రెండు గంటల బస్సుకు పోవాలని అమ్మ పొద్దున్నే నాయనకు చెప్పింది. మధ్యాహ్నం పొయ్యి మీద నువ్వులు పెట్టి, బట్టలు ఏ సంచిలో సర్దాలో అడగడానికి గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అప్పటికి మనోళ్లవి మూడు వికెట్లు పోయాయి. ఆమె వచ్చిన క్షణాన ఫోర్ పోయింది. నాయన చెయ్యెత్తాడు.

"గాడనే నిలబడు. కదలకు."

"పొయ్యి మీద నువ్వులున్నయయ్యా."

"ఓవర్ అయిపోనీ."

అమ్మ వినేటట్టు లేదు, వెనక్కి తిరగబోయింది. నేనూ కదలకూడదు గనుక కూర్చున్న చోటి నుంచే ఏడుపు గొంతుతో అన్నాను: "జర నిలబడవే అమ్మా, నీకు దండం పెడత."

అమ్మ నా వైపు చూసి ఆగిపోయింది. నాయన మాటకు కాదు, నా మాటకు ఆగింది. నువ్వులు చిటపటమన్నాయి, తర్వాత పొగ వచ్చింది. "అక్కా, లోపలేందో మాడుతున్నది" అని మల్లేశం మామ అరుగు మీది నుంచి అరిచాడు. "నువ్వు మాట్లాడకు!" అని నాయనా నేనూ ఒకేసారి అన్నాం. అమ్మ కాళ్లు కదపకుండా వంగి, గరిటె చాచి పొయ్యి కట్టేసింది.

ఆ ఓవర్ తర్వాత ఇంకో ఓవర్. రెండు గంటల బస్సు పోయింది, మూడు గంటలదీ పోయింది. అమ్మ కాలు మార్చి కాలు మీద నిలబడింది. చివరికి వరసగా వికెట్లు పడి మనోళ్లు ఓడిపోయారు. నాయన టీవీ కట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ మాడిన నువ్వులు పెంటకుప్ప మీద పారబోసి, నన్ను తీసుకుని బస్టాండుకు నడిచింది.

మేం కోదాడలో దిగేసరికి దీపాలు పెట్టారు. చెరువులో బతుకమ్మలను వదిలి ఆడవాళ్లు ఖాళీ తాంబాళాలతో ఎదురొస్తున్నారు. అమ్మమ్మ గడప లోపల తన బతుకమ్మ పక్కన కూర్చుని ఉంది. తంగేడు వాడిపోయింది. ఆమె అరచేతిలో పసుపు ముద్ద పగుళ్లిచ్చింది.

"అందరూ రమ్మన్నారు గానీ, నువ్వొస్తావు కదా అని ఆగాను. ఏమయిందే, బస్సు దొరకలేదా?"

"ఖరాబయిందమ్మా. నడిమిట్ల ఆగిపోయింది."

అమ్మ నా వైపు చూడలేదు. అమ్మమ్మ బస్సులను తిట్టి, తన కొంగుతో నా ముఖం తుడిచింది. అమ్మ పసుపును తడిపి గౌరమ్మను చేసి పైన పెట్టింది. ఖాళీ వాకిట్లో ముగ్గురమే తిరిగాం. పాట అమ్మమ్మ ఒక్కతే పాడింది. మరుసటి ఏడు బతుకమ్మ నాటికి ఆమె లేదు.

ఆ అబద్ధం గురించి అమ్మ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు, నాయనా లేడు. కోదాడ ఇల్లున్న చోట సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. మల్లేశం మామ కూర్చునే అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. గునుగు పూలు కట్టలుగా బజార్లో కొంటున్నాం. నాయన జబ్బు మాత్రం నాకు మిగిలింది. మిర్యాలగూడలో నేను కాలు కదిపితే ఎక్కడో ఆడేవాడు అవుటు కాడని నాకు తెలుసు. ఎన్ని పుస్తకాలు చదివినా, తెలిసినా, ఓడిన రాత్రి నాకు ముద్ద దిగదు.

ఈ సాయంత్రం కూడా టీవీ పెట్టే ఉంది. పట్టులంగా కట్టుకున్న నా బిడ్డ గుమ్మంలో నిలబడి చాలాసేపయింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు గడప మీద.

"అమ్మా, అందరు బతుకమ్మ ఆడనీకి పోతున్నరు. కాలు దించొచ్చా?"

ఆ చట్టం నేను ఆమెకు ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. మాడిన వాసన ఇంకా ఇంట్లోనే ఉంది.

"దించు బిడ్డా" అన్నాను.

దించింది. ఆ బంతికే వికెట్ పడింది. నేను ముందు చూసింది టీవీని కాదు, ఆమె కాలిని. నేను చూడటం ఆమె చూసింది. కాలు తీసి మళ్లీ గడప మీద పెట్టుకుంది.