ఏడక్షరాల ఆట

మా ఇంట్లో ఇంగ్లీషు ఆమెది, తెలుగు నాది. నేనూ నా భార్యా ఇందుకూరుపేట దగ్గర ఒకే హైస్కూలులో ఆ పాఠాలే చెప్పాం, ఒకే ఏడు రిటైరయ్యాం. అప్పటినుంచి ఆమెకు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోన్లో ఒక ఆట ఉండాల్సిందే. ఏడు ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా ఇస్తారు. మధ్యలో ఉన్న అక్షరం తప్పకుండా వచ్చేలా ఎన్ని మాటలు కడితే అంత గొప్ప. ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఏడూ వాడిన మాట ఒకటి దొరికితే ఆ రోజుకు గెలిచినట్టు. నేను టీ పెట్టుకొచ్చేలోపు ఆమె గెలిచేసి, ఒక గుక్క తాగి, "ఏమండీ, చక్కెర తక్కువైంది" అనేది. పనీపాటా లేని ఆట అని నేను విసుక్కునేవాణ్ణి.

పోయిన వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొన్నాళ్లకు దారిలో పడ్డాయి గానీ మాట రాలేదు. "మీరు చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది సార్. మాటలు లోపలే ఉన్నాయి, బయటికి రావడానికే కష్టం. ఆమెకు ఇష్టమైన పని ఏదన్నా రోజూ చేయించండి" అన్నారు నెల్లూరులో డాక్టరమ్మ. ఆమెకు ఇష్టమైన పని ఇంకేముంది, ఆ దిక్కుమాలిన ఆటే.

రోజూ మధ్యాహ్నం ఫోను పట్టుకుని ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకరోజు మధ్యలో ఎమ్ వచ్చింది.

"ఎమ్ ఉండాల. చెప్పబ్బా" అన్నాను.

ఆమె పెదవులు కదిలించింది. "అదే... అదే..." అంది. ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాట. ఆకలైనా అదే, నొప్పి పుట్టినా అదే.

"అదే అంటే ఏదే?" అని కసిరాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నామీద నాకే కోపం వచ్చింది. పోనీ నేనే అందిద్దామంటే నాకొచ్చిన ఇంగ్లీషెంత? మ్యాన్ అని కొట్టాను. మరీ చిన్నదని ఫోను ఒప్పుకోలేదు. రొయ్యల గుంటల వైపు నుంచి మోటార్ల మోత వస్తుంటే మోటార్ అని కొట్టాను. దాన్ని ఒప్పుకుంది. ఇక ఆపైన నా బుర్రలో ఏమీ లేదు. మాటలున్న మనిషికి నోరు రాదు, నోరున్న నాకు మాటలు రావు. ఇద్దరం ఆ ఫోను ముందు చేతకానివాళ్లలా కూర్చున్నాం.

మర్నాడు జవాబులు ఫోనే చూపించింది. ఏడక్షరాలూ వాడిన మాటను కూడబలుక్కుని చదివాను, ఆర్నమెంట్ అని. ఆమె మంచాన్ని చేత్తో చరిచి, "అదే, అదే" అని భోరుమంది. నిన్నంతా ఆ మాట ఆమె దగ్గరే ఉంది.

ఆ వారంలోనే మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెట్టారు. ఆమెకు జబ్బు చేశాక మా చర్చి సంఘంవాళ్లు ఇంటికి రావడం అదే మొదలు. అందరూ చాపలమీద కూర్చున్నారు. పాస్టరుగారు ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర ఆమె గొంతు వినిపించింది. వట్టి రాగం కాదు, మాటలు. ఒక్కటి కూడా తడబడకుండా చివరిదాకా పాడింది. నేను బయటికి వెళ్లి గోడ పట్టుకుని ఏడ్చాను.

"మాస్టారూ, దేవుడు అమ్మ నోరు తెరిచినాడు. ఆదివారం సాక్ష్యం చెప్పిద్దాం" అన్నారు పాస్టరుగారు. మా సంఘంలో జబ్బు నయమైనవాళ్లు గుడిలో అందరి ముందూ నిలబడి, తమకు జరిగిన మేలు సొంత నోటితో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం.

మర్నాడు మంచినీళ్ల గ్లాసు చూపించి, ఇదేందని అడిగాను. "అదే" అంది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "చిన్నప్పటినుంచి నోటికొచ్చిన పాటలు అలా వచ్చేస్తాయి సార్. దానర్థం మాట వచ్చిందని కాదు" అన్నారు. వెంటనే వెళ్లి పాస్టరుగారికి చెప్పాను.

"డాక్టర్లు అట్టే అంటారు మాస్టారూ. మనమే నమ్మకపోతే ఎట్టా?"

ప్రేమతోనే అన్నారు. కోప్పడదామన్నా వీల్లేకుండా పోయింది. ఇంటికొచ్చి, "ఈ వారం వద్దులే, తర్వాత చూద్దాం" అన్నాను ఆమెతో. ఆమె తల అడ్డంగా ఊపి, బీరువాలోంచి తెల్లచీర తీసి మంచం మీద పెట్టుకుంది. ఆమె కూడా నమ్మేసింది.

ఆదివారం నేను మగవాళ్ల వైపు కూర్చున్నాను. మైకు ఆమె చేతికిచ్చారు. "అదే..." అంది. ఊపిరి తీసుకుని మళ్లీ, "అదే... అదే..." అంది. స్తోత్రం అనడానికి ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఆమె జనంలో నాకోసం వెతికింది. మాట అందించమని మధ్యాహ్నాలు చూసే చూపు అది. నేను లేవలేదు. లేచి ఏ మాట అందించను? ఆమె మనసులో ఏముందో నాకు తెలిస్తే గదా.

పాస్టరుగారు గాబరాపడి ఆ కీర్తనే ఎత్తుకున్నారు. ఆమె అందుకుంటుందని అందరూ అటే చూస్తున్నారు. అందులో ప్రతి మాటా ఆమెకు వచ్చు. పెదవులు బిగించుకుని, పాట అయిపోయేదాకా అలాగే నిలబడింది.

ఇప్పటికీ మధ్యాహ్నం కాగానే ఫోను తెచ్చి నా చేతిలో పెడుతుంది. కీర్తన ఎవరు ఎత్తినా మాత్రం లేచి లోపలికి పోతుంది. జబ్బు చేశాక ఆమె గొంతులో మాటలు విన్నది ఆ సాయంత్రమే, ఆ పాటలోనే. మళ్లీ ఒకసారి పాడవే అని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.